మేలుబంతి యెవరు వ్రాయవలెను?
గోదావరి పశ్చిమ డెల్టాయందు ప్రాథమికోపాధ్యాయ శిక్షణ చరిత్ర

తెలుగు బడిలో 'మేలుబంతి' యను మాట యొకటి కలదు. ఉపాధ్యాయుడు మొదటి పంక్తిని తాను వ్రాసి యిచ్చును; బాలుడు దానిని జూచి క్రింది పంక్తులు వ్రాయును. ఆ మొదటి పంక్తియే మేలుబంతి. దీనికే ఒజ్జబంతి యనియు, ఒరవడి యనియు నామాంతరములు. ఒజ్జ యనగా ఉపాధ్యాయుడు. బడిలో పుట్టిన యీ మాట క్రమముగా అర్థవిస్తారమును బొంది, అనుకరింపదగిన ప్రతిదానికిని చెల్లినది. బాలునికి మేలుబంతి ఉపాధ్యాయుడు వ్రాయును, సరియే. ఉపాధ్యాయుడు కాబోవువానికి మేలుబంతి యెవరు వ్రాయవలెను? శిక్షణాలయమున పాఠము చెప్పు అధ్యాపకుడా? పల్లెబడిలో ఏండ్ల తరబడి పనిచేసిన పంతులా? లేక యిద్దరును గూడియా? ఈ ప్రశ్నయే ప్రకృత వ్యాసమునకు విషయము.

ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి పరిసరములు, నరసాపురపు డెల్టా భూములు మా పరిశీలనకు ముఖ్యక్షేత్రములు. ఈ ప్రాంతమును మేము గైకొనుటకు కారణము స్వస్థలాభిమానము మాత్రము గాదు. మద్రాసు రాజధానిలో గ్రామవిద్యకు సంబంధించిన యొక ముఖ్యప్రయోగము ఈ నేలమీదనే జరిగినది. దాని జయాపజయములు రెండును నేటికిని పాఠము చెప్పగలవు.

వీధిబడి

ప్రత్యేకమైన శిక్షణాలయము లేని కాలమున ఉపాధ్యాయుడెట్లు తయారయ్యెను? వీధియరుగుమీద పంతులు కూర్చుండును. క్రొత్తగా చేరిన పిల్లలు ఇసుకలో గుంట ఓనమాలు దిద్దుచుందురు. వారి వ్రేలు పట్టుకొని దిద్దించువాడు అన్నివేళల పంతులే కాడు. పై పాఠము చదువు పెద్ద బాలుడు. ఆ పెద్ద బాలుడు తాను నేర్చినదానిని ఒక యెడ చెప్పుచు, ఒక యెడ తాను వినుచు, పంతులు కంటియెదుటనే బోధనాభ్యాసము చేసెను. వానిలో కొందరు తరువాత పంతుళ్ళయిరి. శిక్షణ యను పేరు దానికి లేదు. పని మాత్రము జరిగినది.

ఈ పద్ధతిని జూచి లోకమునకు చాటినవాడు ఆండ్రూ బెల్. 1787లో మద్రాసునకు వచ్చిన యీ స్కాట్లండు దేశీయుడు 1789లో ఎగ్మూరునందలి సైనికుల అనాథబాలుర శరణాలయమునకు అధ్యక్షుడయ్యెను. దేశీయుల బడిలో పిల్లలు ఇసుకలో వ్రాయుట యతని కంటబడెను. తన క్రింది ఉపాధ్యాయులు ఆ విధానము నవలంబింప నిష్టపడకపోగా, జాన్ ఫ్రిస్కెన్ అను ఎనిమిదేండ్ల బాలునిచే చిన్నపిల్లలకు అక్షరములు చెప్పించెను. 1797లో లండనునందు తన ప్రయోగమును గ్రంథరూపమున ప్రకటించెను. 'మద్రాసు పద్ధతి' యను పేర నది ఇంగ్లండున వ్యాపించినది. అయితే దాటిపోవునపుడు దానిలో నొక యంశము జారిపోయినదని మా యభిప్రాయము. వీధిబడిలో పెద్ద బాలునికిని పంతులునకును నడుమ దూరము నాలుగు మూరలు. వందలకొలది పిల్లలున్న లండను బడిలో ఆ సామీప్యము నిలువలేదు. తక్కువ వ్యయముతో ఎక్కువమందికి అక్షరములు చెప్పు యంత్రము మాత్రము మిగిలినది.

మన్రో విచారణ

1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో దేశీయ విద్యాస్థితిని గూర్చి జిల్లా కలెక్టరులనుండి నివేదికలు కోరెను. రాజమహేంద్రవరపు కలెక్టరు 1823లో పంపిన పట్టికలో 291 పాఠశాలలు, వానియందు 2,658 మంది విద్యార్థులు కానవచ్చుచున్నారు. పాఠశాల కొక్కటికి సగటున తొమ్మండుగురు! అనగా మన వీధిబడి చిన్నబడి. పంతులునకు ప్రతి బాలుడును ముఖపరిచితుడు. రాజధాని మొత్తముమీద 12,498 పాఠశాలలున్నవనియు, జనసంఖ్యలో వేయింటికొక పాఠశాల చొప్పున నున్నదనియు 1826 మార్చి 10వ తేది నాటి మినిట్సులో మన్రో లెక్కించెను.

ఆ మినిట్సులోనే మన్రో ఉపాధ్యాయుల దుఃస్థితిని గూడ గుర్తించెను. పంతులు నెలకు ఆరేడు రూపాయలకు మించి సంపాదింపలేకున్నాడనియు, అంతటి యల్పవేతనమునకు అర్హులైనవారు రారనియు అతని నిర్ణయము. అందుచే ప్రతి కలెక్టరేటునందును ప్రధానపాఠశాలలు, ప్రతి తాలూకాయందును తహసీలుదారీ పాఠశాల నెలకొల్పవలెననియు, కలెక్టరేటు ఉపాధ్యాయునికి నెలకు 15 రూపాయలు, తాలూకా ఉపాధ్యాయునికి 9 రూపాయలు ఈయవలెననియు, ఉపాధ్యాయులను తయారుచేయుటకు మద్రాసున నొక కేంద్రపాఠశాల యుండవలెననియు ప్రతిపాదించెను. మన్రో 1827లో మరణించెను. తాలూకా పాఠశాలలు 1836లో ఎత్తివేయబడినవి.

ఈ ప్రణాళిక యుదారమైనదే. కాని యిందొక మలుపు కలదు. అంతవరకు ఉపాధ్యాయుడు బడిలో తయారగుచుండెను. ఇకమీదట బడికి దూరముగా, మద్రాసున తయారై బడికి పంపబడవలెను. శిక్షణకును పాఠశాలకును ఎడము మొట్టమొదట ఆలోచనలో నేర్పడినది యిక్కడనే.

ఆనకట్ట తరువాత

ధవళేశ్వరము ఆనకట్ట 1847లో ఆరంభమై 1852లో ముగిసెను. కాలువలు పారినవి, డెల్టా రైతుచేతిలో నాలుగు రూకలు మిగిలినవి. ఆ దశాబ్దిలోనే రాజమహేంద్రవరపు జిల్లా సబ్‌కలెక్టరుగా నుండిన జి. ఎన్. టెయిలరు నరసాపురమందును పరిసర గ్రామములందును పాఠశాలల స్థాపనకు పూనుకొనెను. గ్రామస్థులు తమ శిస్తుపై కొంత చేర్చి పాఠశాలల వ్యయమును భరించుట కంగీకరించిరి. ఇవియే 'రేటు పాఠశాలలు'. ఇట్టి సుంకమునకు చట్టబద్ధత కల్పించుటకై 1863లో మద్రాసు విద్యాచట్టము చేయబడెను. ఒక రాజధానికంతటికి వర్తించు శాసనమునకు మన డెల్టా పల్లెలు కారణమయ్యెనన్నమాట.

అయినను ఆ చట్టము గోదావరి జిల్లాను దాటి చెప్పదగినంత వ్యాపింపలేదు. 1871 నాటి స్థానిక నిధుల చట్టముతో గ్రామపాఠశాలల భారము స్థానికమండలులపై బడినది. రేటు పాఠశాలల చరిత్రను పన్నుల చరిత్రగా వ్రాయుట వాడుక. మేము దానినే ఉపాధ్యాయుని చరిత్రగా చదువగోరుచున్నాము. డబ్బు గ్రామమిచ్చినది, కట్టడము గ్రామమిచ్చినది, పిల్లలు గ్రామమువారే. ఉపాధ్యాయుని మాత్రము గ్రామము తయారుచేయజాలదయ్యెను. అంతవరకు అరుగుమీద తయారైన పంతులు సర్కారు లెక్కలో 'శిక్షణ లేనివాడు' అయ్యెను. శిక్షణ యెక్కడ దొరకును? 1856లో మద్రాసున నార్మల్ స్కూలు తెరువబడెను. అదియే తరువాత 1887లో సైదాపేటకు మారి ఉపాధ్యాయ కళాశాలగా ప్రసిద్ధికెక్కినది. రాజమహేంద్రవరమున ప్రభుత్వ ట్రైనింగు కళాశాల వెలయుటకు 1894 వరకు వేచియుండవలసివచ్చెను.

ఇదే కాలమున ఇంగ్లండులో నేమి జరిగినదో చూచుట యుచితము. బెల్ పద్ధతిలోని లోపమును గ్రహించి, 1846లో కే షటిల్‌వర్త్ 'శిష్యోపాధ్యాయ' విధానమును ప్రవేశపెట్టెను. పదుమూడేండ్లు నిండిన బాలుడు అయిదేండ్లు ప్రధానోపాధ్యాయుని యొద్ద శిష్యరికము చేయును. ప్రధానోపాధ్యాయుడు ప్రతిదినము గంటన్నరసేపు వానికి ప్రత్యేకముగా బోధింపవలెను. ఈ పనికై ఆయనకు సంవత్సరమునకు ఒక శిష్యునికి 5 పౌనులు, ఇద్దరికి 9 పౌనులు చొప్పున అదనపు వేతనము. ఈ విధానములోను దోషములు లేకపోలేదు. బాలుని చౌకకూలీగా వాడుకొనిరను నింద వచ్చినది. కాని తీర్చువాని పనిని పనిగా నెంచి, దానికి వేళ నేర్పరచి, వెల గట్టినది యీ విధానము. మన దేశమున శిక్షణాలయములు వచ్చినవి, ధ్రువపత్రములు వచ్చినవి. ఈ యొక్క యంశము మాత్రము రాలేదు.

రెండు ద్వారములు

1882 నాటి హంటరు కమిషను, ప్రాథమిక పాఠశాలల స్థానికావసరములు తీరునట్లు నార్మల్ స్కూళ్ళను ఆయా ప్రాంతములందే నెలకొల్పవలెనని చెప్పెను. 1904 నాటి భారతప్రభుత్వ విద్యావిధాన తీర్మానము మరియొక యడుగు ముందుకు వేసి, ప్రతి శిక్షణ కళాశాలకును అభ్యాసపాఠశాల యనుబంధముగా నుండవలెననియు, శిక్షణ పొందినవారు ఉద్యోగమున చేరినపిమ్మట నేర్చినదానిని విడువకుండునట్లు కళాశాలకును పాఠశాలలకును సన్నిహితసంబంధ ముండవలెననియు కోరెను. ఈ వాక్యమునకు నేటికి నూరేండ్లు దాటినవి. భాష మారినది గాని కోరిక అదియే.

ఆచరణలో నేమి జరిగెను? అనుబంధముగా నొక మోడల్ స్కూలు ఏర్పడెను. ఛాత్రోపాధ్యాయుడు పాఠ్యపథకము వ్రాయును; హెర్బార్టు సోపానములు వరుసగా నడపును; తోటివారును అధ్యాపకుడును వెనుక కూర్చుండి తప్పులు వ్రాసికొందురు. అదియే క్రిటిసిజము పాఠము. మోడల్ స్కూలునందు తరగతికొక ఉపాధ్యాయుడు, నల్లబల్ల, పటములు, గోళము అన్నియు నుండును. ఛాత్రోపాధ్యాయుడు పిమ్మట చేరు పల్లెబడిలో ఒక్కగదిలో అయిదు తరగతులు. మోడల్ స్కూలు మేలుబంతియే. కాని పలక వేరు.

అంతకంటె లోతైన చీలిక మరియొకటి. ఉన్నతపాఠశాలలో బోధింపగోరు పట్టభద్రునికి విశ్వవిద్యాలయము ఎల్.టి. పట్టమిచ్చెను, తరువాత నది బి.ఇడి. యయ్యెను. ప్రాథమికోపాధ్యాయుడు మాత్రము విద్యాశాఖవారి ట్రైనింగు స్కూలులో హయ్యరు ఎలిమెంటరీ, లోయరు ఎలిమెంటరీ మున్నగు శ్రేణులలో చదివి, శాఖవారి పరీక్ష యిచ్చి, శాఖవారి ధ్రువపత్రము పొందెను. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము స్థాపితమయ్యెను. మన డెల్టాయంతయు దాని పరిధిలోనిదే. కాని పశ్చిమ గోదావరి పల్లెబడి పంతులునకు ఆ విశ్వవిద్యాలయముతో ప్రత్యక్షసంబంధ మేర్పడలేదు. ఒకే వృత్తికి రెండు ద్వారములు: పెద్ద తరగతులకు విశ్వవిద్యాలయ ద్వారము, చిన్న తరగతులకు శాఖాద్వారము. ఓనమాలు నేర్పుట తక్కువ పాండిత్యముతో జరుగుననుకొనుటయే యీ విభజనకు మూలము. చిన్నపిల్లవానికి అక్షరము నేర్పిన వారెవ్వరును ఆ యభిప్రాయము నంగీకరింపరు.

ఒంటరితనమునకు పేరు పెట్టినవారు

స్వాతంత్ర్యానంతరము ఈ చీలికకు సూటిగా పేరు పెట్టినది 1964–66 నాటి కొఠారీ కమిషను. ఉపాధ్యాయశిక్షణ మూడువిధముల ఒంటరియైనదని యది తేల్చెను: విశ్వవిద్యాలయ జీవితమునుండి ఎడబాటు, పాఠశాలలనుండి ఎడబాటు, శిక్షణాలయములకు తమలో తమకు ఎడబాటు. అంతకు కొంచెము ముందుగా 1963లో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి పక్షమున మైసూరు, భోపాలు, భువనేశ్వరము, అజ్మీరులలో ప్రాంతీయ కళాశాలలు వెలసినవి. దక్షిణదేశమునకు మైసూరు కేంద్రము. అక్కడి నాలుగేండ్ల సమగ్రశిక్షణలో ఛాత్రోపాధ్యాయులు 'సహకార పాఠశాలల'లో కొన్ని వారములు నివసించి, అక్కడి ఉపాధ్యాయుల పర్యవేక్షణలో పనిచేయు ఇంటర్న్‌షిప్ ఏర్పాటయ్యెను. కాని అది సెకండరీ తరగతుల కుద్దేశింపబడినది. ప్రాథమికశిక్షణ యథాపూర్వముగా నుండెను.

ప్రాథమికోపాధ్యాయునివైపు దృష్టి మరలినది 1980ల దశకమున. బ్రిటిషు ప్రభుత్వ సహాయముతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యాపథకము ఆరంభమయ్యెను. ఏపెప్ అను పొట్టిపేరుతో నాటి పంతుళ్ళందరు దాని నెరుగుదురు. అది ఆరు సూత్రములను ప్రతిపాదించెను: ఉపాధ్యాయుడే కృత్యములు కల్పించుట, చేయుచు, శోధించుచు నేర్చుట, వ్యక్తిగతముగను జట్టుగను తరగతియంతయు గలిసియు పనిచేయుట, పిల్లల వైయక్తికభేదములను గమనించుట, స్థానికపరిసరములను వాడుకొనుట, పిల్లల పనిని ప్రదర్శించి తరగతిని రమ్యముగా నుంచుట. ఈ సూత్రములకంటెను మాకు ముఖ్యముగా దోచునది ఉపాధ్యాయ కేంద్రము. కొన్ని బడులకొక కేంద్రము చొప్పున ఏర్పరచి, పంతుళ్ళు అచ్చట గూడి, ఒకరు పాఠము చెప్పగా తక్కినవారు చూచి చర్చించునట్లు చేసిరి. అరుగుమీది నాలుగు మూరల సామీప్యము మరల నించుక కనబడినది. అయితే అక్కడికి వచ్చినవారు ఉద్యోగమున నున్న పంతుళ్ళు. కాబోవు పంతులు శిక్షణాలయముననే యుండెను.

1986 జాతీయ విద్యావిధానమును బట్టి జిల్లాకొక్కటిగా విద్యా శిక్షణ సంస్థలు, డైట్‌లు, ఏర్పడినవి. పశ్చిమ గోదావరికి డైట్ నల్లజర్ల మండలమందలి దూబచర్లలో వెలసినది. తాడేపల్లిగూడెము డెల్టాకును మెట్టకును సరిహద్దు వంటిది, దూబచర్ల మెట్టలోనిది. 2022 ఏప్రిల్ నాటి జిల్లాల పునర్విభజనలో తాడేపల్లిగూడెము భీమవరము కేంద్రముగా గల పశ్చిమ గోదావరిలోను, కొల్లేటి పల్లెలలో చాలభాగము ఏలూరు జిల్లాలోను, నల్లజర్ల మండలము తూర్పు గోదావరిలోను చేరినవి. ఒక శిక్షణాలయము, దాని ఛాత్రోపాధ్యాయులు, వారు పనిచేయు బడులు ఇట్లు మూడు పాలనల క్రిందికి వచ్చుట చిన్నవిషయము గాదు.

కాగితముపై వారములు, బడిలో గంటలు

జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2014లో ప్రకటించిన నిబంధనలు ప్రాథమిక విద్యా డిప్లొమాలో పాఠశాలానుభవమును ఇరువది వారములకు పెంచినవి. 2018లో అదే మండలి బి.ఇడి. పట్టభద్రులను ప్రాథమిక తరగతులకు అర్హులనుగా జేసెను. 2023 ఆగస్టు 11వ తేదిన సర్వోన్నత న్యాయస్థానము ఆ ప్రకటనను కొట్టివేసెను. చిన్నపిల్లలకు బోధించుట ప్రత్యేకశిక్షణ గోరు విద్య యను తత్త్వము దీనిచే స్థిరపడినది. ఓనమాలు నేర్పుట తక్కువపని యను పూర్వభావమునకు ఇది మంచి సమాధానము. ఇక 2020 నాటి జాతీయ విద్యావిధానము, 2030 నాటికి నాలుగేండ్ల సమగ్ర బి.ఇడి. కనీసార్హత కావలెననియు, ఉపాధ్యాయవిద్య బహుశాస్త్ర విశ్వవిద్యాలయములలోనికి రావలెననియు, ప్రతి సంస్థయు కొన్ని పాఠశాలలతో కలసి పనిచేయవలెననియు నిర్దేశించుచున్నది. రెండు ద్వారములు ఒకటి కావలెనని దీని తాత్పర్యము. 2006లో స్థాపితమైన ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయమునకు తాడేపల్లిగూడెమున ప్రాంగణము కలదు. కావున ఇది మన ముంగిటి ప్రశ్నయే.

ఇచ్చట కొల్లేటిని తలపునకు దెచ్చుకొనవలెను. వర్షకాలమున బుడమేరు, తమ్మిలేరు పొంగినపుడు కొల్లేటి పల్లెలకు దారులు మునుగును. అట్టి చోట ఇద్దరు ఉపాధ్యాయులతో నడచు బడికి నలుగురు ఛాత్రోపాధ్యాయులను పంపితిమనుకొందము. బడిలో అయిదు తరగతులు. మార్గదర్శకుడు కావలసిన పంతులు తన మూడు తరగతులను విడిచి వారి పాఠమును వినునా? వినినచో తన పిల్లల గతి యేమి? వినకున్నచో శిక్షణ యేది? సులభమైన మార్గము మూడవది: తరగతులను ఛాత్రోపాధ్యాయులకు అప్పగించి తాను కాగితముల పని చూచికొనుట. దీనికి పంతులును నిందించుట న్యాయము గాదు. అతనికి మనము బిరుదు నిచ్చితిమి, వేళ నీయలేదు. ఇరువది వారములు కాగితముపై నుండును. బడిలో లెక్కింపవలసినవి గంటలు.

చరిత్ర చెప్పు పాఠము

పైని జెప్పిన రెండు శతాబ్దుల కథలో మాకు మూడు నియమములు తేటపడుచున్నవి. మొదటిది వేళ. 1846లో గంటన్నర యని నిర్ణయింపబడినట్లు, మార్గదర్శక ఉపాధ్యాయునికి దినమున నిర్దిష్టమైన కాలము విడువబడవలెను. ఆ కాలమున అతని తరగతిని చూచు వేరొకరుండవలెను. రెండవది విలువ. ఆ పని అతని వేతనమునందో, పదోన్నతియందో లెక్కకు రావలెను. మూడవది మాట. ఛాత్రోపాధ్యాయుడు తీరెనా లేదా యని నిర్ణయించుటలో పల్లెబడి పంతులు మాటకు శిక్షణాలయపు అధ్యాపకుని మాటతో సమానమైన చెల్లుబడి యుండవలెను. 1987లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము చుట్టుపట్ల పాఠశాలలతో గలిసి యారంభించిన ఇంటర్న్‌షిప్ పథకము ఇట్టి భాగస్వామ్యమునకే ప్రసిద్ధికెక్కినది. విశ్వవిద్యాలయపు జ్ఞానమును, పాఠశాలయందలి యనుభవజ్ఞానమును ఒకదానితో నొకటి పరీక్షించుకొనవలెనని దాని మూలసూత్రము. పెద్దది చిన్నదానికి బోధించుటగాక, రెండును పరస్పరము ప్రశ్నించుకొనుటయే అందలి విశేషము.

ఇందుకొక ఆక్షేపణ రావచ్చును. అనుభవజ్ఞుడగు పంతులు పాతపద్ధతులవాడైనచో, క్రొత్తవానికి పాతతప్పులే మేలుబంతి కావా? ఈ ఆక్షేపణ బలమైనదే. వీధిబడిలో బెత్తమును, వల్లెవేతను గూడ పెద్ద బాలుడు పంతులునుండియే నేర్చెను గదా! అందుకే పాఠశాల యొక్కటియే చాలదు; విశ్వవిద్యాలయము కావలెను. అట్లే విశ్వవిద్యాలయ మొక్కటియు చాలదు. నలువది మంది పిల్లల నడుమ ఒక పిల్లవాడు వట్రసుడిని ఎందుకు తప్పుగా త్రిప్పుచున్నాడో చూచినవాడు కావలెను. ఒకరి లోపమునకు మరియొకరు విరుగుడు.

తెలుగుశాఖవారమగు మాకు ఇందు ప్రత్యేకమైన కర్తవ్యము కలదు. ప్రాథమికపాఠశాలలో మొదట నేర్పునది తెలుగు. వర్ణమాలాక్రమమున నేర్పవలెనా, సరళపదములతో ప్రారంభింపవలెనా, మెట్టవాని పలుకుబడిని, కొల్లేటివాని పలుకుబడిని గ్రాంథికరూపములతో నెట్లు అనుసంధింపవలెను అను ప్రశ్నలు మా భాషాశాస్త్ర పరిశోధనలకు చెందినవి. వీనికి సమాధానములు మా గ్రంథాలయములలో సగము, పల్లెబడిలో సగము కలవు. మా పరిశోధక విద్యార్థి యొకడు దూబచర్ల ఛాత్రోపాధ్యాయునితో గలిసి ఒక బడిలో ఒక సంవత్సరము గడపినచో, ఇరువురకును, ఆ బడి పంతులునకును గూడ లాభమే. మాండలిక పదసేకరణకు పల్లెలకు పోవుట మా శాఖలకు క్రొత్తగాదు. అక్షరాభ్యాసమును సేకరించుటకు గూడ పోవలసిన కాలము వచ్చినది.

టెయిలరు కాలమున డెల్టా రైతులు బడికై తమ శిస్తుపై తామే కొంత చేర్చుకొనిరి. బడి తమదనుకొనుటయే దానికి హేతువు. ఉపాధ్యాయుని తయారుచేయుట తన పనియని పాఠశాలయు, తన పనియని విశ్వవిద్యాలయమును అనుకొనిననాడు తక్కిన యేర్పాటులు వాని వెంట రాగలవు. బాలుని పలకపై మేలుబంతి వ్రాయుటకు ఒక చేయి చాలును. ఉపాధ్యాయుని పలకపై వ్రాయుటకు మాత్రము రెండు చేతులు కావలెను.